ధైర్యంగా ఉండమంటే సరిపోదు

క్యాన్సర్ అని తేలిన ఇంటికి మొదటి వారంలో వచ్చే చుట్టపక్కాలందరూ ఒకే మాట చెప్పి పోతారు: "ఏం గాదు తియ్, ధైర్నంగ ఉండు." చెప్పేవాళ్ల మనసులో ప్రేమే ఉంటుంది. విన్న మనిషి తలూపుతాడు. రాత్రికి మాత్రం నిద్ర పట్టదు. తెల్లారేసరికి తనకు ధైర్యం చాలడం లేదన్న కొత్త దిగులొకటి పాత దిగులు పక్కన చేరుతుంది.

క్యాన్సర్ మందుల గురించి పత్రికల్లో చాలానే వస్తుంది. ఆ మందులు వాడుకుంటూ బతికే నెలల్లో, ఏళ్లలో మనసు ఎట్లా నడుస్తుంది, ఎప్పుడు కుంగుతుంది, ఎప్పుడు దానంతట అదే లేస్తుంది, ఎప్పుడు లేవలేదు అన్న విషయం మీద కూడా సుమారు యాభై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అందులో సుల్తానాబాద్ లాంటి ఊరికి పనికొచ్చేది ఎంతో చూద్దామని ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ధైర్యం తెచ్చుకునే పూచీ రోగి నెత్తిన పెట్టడం మానేసి, ఆ దిగులుకు కారణాలేమిటో ఒక్కొక్కటే వెతకాలి. వెతికితే చాలావాటికి మందో మార్గమో దొరుకుతుంది.

సుల్తానాబాద్ రాజీవ్ రహదారి మీదున్న రైసుమిల్లుల ఊరు. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. జ్వరానికి, కాన్పుకు, కాలు విరిగితే కరీంనగర్ దగ్గరే. క్యాన్సర్ అనేసరికి మాత్రం ఎక్కువమందికి దారి హైదరాబాదే. జేబీఎస్‌లో బస్సు దిగి, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికో బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రికో పోవాలి. ఎంఎన్‌జే 1955 నాటిది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తోంది. క్యాన్సర్‌తో పోయిన ఎన్టీఆర్ భార్య పేరు మీద కట్టిన రెండోది 2000 జూన్‌లో తెరుచుకుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. ఆపరేషన్ ఖర్చు భయం దీనితో చాలామందికి తగ్గిన మాట నిజం.

తగ్గనివి వేరే ఉన్నాయి. కరెంటు పెట్టడమని మన దగ్గర అనే రేడియేషన్‌నే తీసుకోండి. బల్ల మీద పడుకునేది రోజుకు కొన్ని నిమిషాలే. అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పోవాలి. చాలా రకాల క్యాన్సర్లకు అది అయిదారు వారాలు సాగుతుంది. రోజూ సుల్తానాబాద్ నుంచి పోయి రాలేరు కాబట్టి ఆసుపత్రి చుట్టుపక్కల గది తీసుకోవాలి, లేకుంటే చుట్టాలింట్లో దిగాలి. చుట్టాలింట్లో మొదటి వారం మర్యాద, మూడో వారానికి మొహమాటం. తోడు వచ్చిన మనిషికి కూలి పోతుంది. ఊళ్లో నాట్లు ఆగుతాయి, బీడీలు చుట్టే ఇంట్లో ఆ వారం ఆకు, తంబాకు తెచ్చుకునే వాళ్లుండరు. రోగి పైకి "కాలు గుంజుతోంది" అంటుంది. లోపల నడిచేది ఈ లెక్క. ఆమెకు ధైర్యం చెప్పేముందు, శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయి ఆదివారం రావడానికి వీలవుతుందా అని డాక్టర్నడిగితే ఎక్కువ మేలు.

కరెంటు అన్న పేరుతోనే ఒక భయం మొదలవుతుంది. షాక్ కొడుతుందేమోనని బల్లెక్కడానికి జంకేవాళ్లుంటారు. అది ఎక్స్‌రే లాంటి కిరణం, పడేటప్పుడు ఏమీ తెలియదు. బయటి మిషన్‌తో పెట్టించుకున్న మనిషి ఒంట్లోంచి కిరణాలేవీ బయటికి రావు, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ రెండు ముక్కలు మొదటి రోజే ఎవరైనా తెలుగులో చెప్తే కొన్ని రాత్రుల నిద్ర మిగులుతుంది. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వాళ్లకు ముఖం కదలకుండా ప్లాస్టిక్ ముసుగు బిగిస్తారు. ఊపిరాడనట్టు అనిపించి కొందరు కంగారు పడతారు. ముందు రోజు ఒకసారి పెట్టి చూపించమని, చెయ్యెత్తితే ఆపమని అడగొచ్చు. సిగ్గుపడి చాలామంది అడగరు.

క్యాన్సర్ వచ్చిన మనిషి మనసు గురించి మాట్లాడేవాళ్లు ఐదు దశల ప్రస్తావన తప్పకుండా తెస్తారు. నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చినవి ఇవి. ఆమె మాట్లాడింది చికాగోలో చావుకు దగ్గరపడిన రోగులతో. చికిత్స తీసుకుని పదేళ్లు బతికే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఆమె రాయలేదు. మెట్లెక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి దాటి, పైన తీరిగ్గా కూర్చునేదేమీ ఉండదు. పొద్దున అంతా ఒప్పుకున్న మనిషికి సాయంత్రం మళ్లీ కోపం వస్తుంది. తన దశలను జనం మరీ వరుసక్రమంగా అర్థం చేసుకున్నారని ఆమే తర్వాత రాసింది. మన కౌన్సెలింగ్ పాఠాల్లో ఇంకా ఆ ఐదే వల్లె వేస్తుండటం నాకు విచిత్రంగా ఉంటుంది.

నిజంగా ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అని చూస్తే చికిత్స తేదీలతో ముడిపడిన ఒక తీరు కనిపిస్తుంది. ముక్క పరీక్షకు పంపి రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు చాలామందికి రోగం ఖాయమైన రోజుకంటే బరువు. మందు మొదలైందంటే, చిత్రంగా, కొంత నెమ్మది వస్తుంది. తేదీ ఉంది, చేసే పని ఉంది, పట్టించుకునే డాక్టరున్నాడు. మూడో నాలుగో కీమో నాటికి ఒళ్లు అలిసిపోతుంది, విసుగు, చికాకు. జుట్టు రాలడం ఆడవాళ్లకు మరీ కష్టం. మన దగ్గర దానికి ఒక అడ్డుతెర దొరుకుతుంది. గుండు చూసి అడిగినవాళ్లకు వేములవాడలో మొక్కు తీర్చుకున్ననని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ అబద్ధంలో తప్పేమీ లేదనే నేనంటాను. తన రోగం సంగతి ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పొద్దో ఎంచుకునే హక్కు రోగిది.

ఎవరూ ఊహించని గొయ్యి చివర్లో ఉంటుంది. "మందు అయిపోయింది, మూడు నెలలకు రండి" అని డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఆ తర్వాతి నెలే రోగి కుంగిపోతుంది. ఇంటివాళ్లకు అర్థం కాదు, కష్టకాలంలో గట్టిగా నిలబడి ఇప్పుడెందుకు ఏడుస్తుందని. క్యాన్సర్ వైద్యంలో పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. చికిత్స నడిచినన్నాళ్లు వారం వారం ఎవరో ఒకరు నాడి పట్టి చూస్తారు, రక్తం పరీక్షిస్తారు. ఒక్కసారిగా ఆ కాపలా పోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు పాత మనిషి తిరిగొచ్చిందనుకుని పాత పనులన్నీ అప్పగిస్తారు. ఒంట్లో నీరసం నెలల తరబడి పోదు. పైగా, ఇన్నాళ్లూ పరుగులో పడి భయపడటానికి తీరిక దొరకని మనసుకు ఇప్పుడు తీరిక దొరుకుతుంది. చికిత్స ముగిసిన తర్వాతి మూడు నెలలు కూడా చికిత్సలో భాగమేనని ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచితే బాగుంటుంది.

ఆ తర్వాత స్కానింగుల కాలం. పరీక్ష తేదీకి వారం పది రోజుల ముందు నుంచే బుగులు పడుతుంది. నడుము పట్టేసినా, దగ్గొచ్చినా మళ్లీ వచ్చిందేమోనన్న అనుమానం. ఏళ్లు గడిచే కొద్దీ చాలామందికి ఇది తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. ఎటువంటి లక్షణం ఎన్నాళ్లుంటే ఆసుపత్రికి రావాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోవడం మంచి ఉపాయం. అప్పుడు ప్రతి దగ్గుకూ కొత్తగా తేల్చుకోవాల్సిన పని ఉండదు.

మనసు మార్పుల్లో చాలావాటికి మూలం ఒంట్లోనే ఉంటుంది. ఈ వ్యాసంలో పాఠకులు ఒక్క పేరానే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. వాంతులు రాకుండా, ఎలర్జీ కాకుండా కీమోతో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఇచ్చిన రెండు మూడు రోజులు నిద్ర రాదు, కొందరు గలగలా మాట్లాడతారు, కొందరు చీటికిమాటికి కోప్పడతారు. అది ఆగిన మర్నాడో మూడో నాడో ఒళ్లూ మనసూ రెండూ జారిపోతాయి. ప్రతి కీమోకూ ఇదే వరుస. కోడలి మీద అరిచానని బాధపడే అత్తకూ, అత్త మారిపోయిందని ఏడ్చే కోడలికీ ఇది మందు పని అని తెలిస్తే సగం గొడవ ఉండదు. స్టెరాయిడ్ మాత్రను పొద్దున పూటే వేసుకోవచ్చా అని అడిగితే నిద్ర కొంత మెరుగుపడొచ్చు. రక్తం తగ్గితే దిగులులాగే ఉంటుంది. మెడకు రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లకు నెలల, ఏళ్ల తర్వాత థైరాయిడ్ తగ్గొచ్చు. మందకొడితనం, నిరుత్సాహం, బరువు పెరగడం చూసి మనసు జబ్బనుకుంటారు, ఒక్క రక్తపరీక్షతో తేలుతుంది. వయసు మళ్లకముందే చికిత్స వల్ల నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, కలత నిద్ర. అన్నిటికీ మించి నొప్పి. నొప్పి తగ్గని మనిషికి ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా దండగ. ముందు నొప్పి తీసి, తర్వాత మనసు సంగతి అడగాలి.

రోగం పేరు రోగికి చెప్పకపోవడం అన్నిటికంటే చిక్కు ప్రశ్న. మన ఇళ్లలో జరిగే తంతు అందరికీ తెలిసిందే. కొడుకు డాక్టరు గదిలోకి ముందుగా పోయి, "సార్, బాపుకు చెప్పకుండ్రి, గుండె ఆగి చస్తడు" అంటాడు. బాపుకు కడుపులో గడ్డ అని చెప్తారు, అవ్వకు పుండు అని చెప్తారు. పైన బోర్డు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని ఉంటుంది, బాపుకు చదువు రాదు గానీ పక్క మంచం మీదివాళ్లకు వస్తుంది. నాలుగో రోజుకు ఆయనకు తెలిసిపోతుంది. తెలిసిందని కొడుకుకు చెప్పడు, కొడుకు బాధపడతాడని. ఒకే ఇంట్లో ఒకరి కోసం ఒకరు నటిస్తూ నెలలు గడుపుతారు. భూమి పాసుబుక్కు ఎవరి పేరున మార్చాలి, చిన్నబిడ్డ పెళ్లి ముందుకు జరపాలా, ఎవరి బాకీ ఎంత అన్న మాటలు మాట్లాడుకోవాల్సిన టైములో ఎవరూ మాట్లాడరు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు దీనికి గల్ఫ్ తోడవుతుంది. మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆడమనిషికి రొమ్ములో గడ్డ తేలితే "ఆయనకు ఇప్పుడే చెప్పొద్దు, అక్కడ రంది పెట్టుకుంటడు" అంటుంది. వీడియో కాల్‌లో తలకు కొంగు కప్పుకుని నవ్వుతుంది. అటువైపు ఆయనకు కూడా ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది, కంపెనీ సెలవు ఇవ్వదు కాబట్టి అడగడు. ఈ మౌనాన్ని నేను తప్పుపట్టలేను. ప్రేమకు ఇంకో దారి దొరక్క అది మౌనంలా బయటపడుతుంది. కానీ దాని ఖర్చు రోగే భరిస్తుంది. ఒంటరితనం కుంగుబాటును పెంచుతుంది. ఒకరికైనా నిజం చెప్పుకుని ఏడ్చే చోటు లేకపోతే మిగతా ఉపాయాలేవీ నిలవవు.

దీనికి పాశ్చాత్య ఆసుపత్రుల్లోలా మొదటి రోజే అన్నీ ముఖం మీద చెప్పేయడమే మందు అనేవాళ్లతో నేను ఏకీభవించను. నొప్పినీ బాధనూ తగ్గించడమే పనిగా పెట్టుకున్న పాలియేటివ్ వైద్యులు మధ్యేమార్గం ఒకటి నేర్పుతారు. మొదట కుటుంబాన్ని కసరకుండా, చెప్పొద్దని ఎందుకు అనుకుంటున్నారో అడుగుతారు. తర్వాత రోగినే అడుగుతారు: "మీ ఒంట్లో ఏమైందని మీరనుకుంటున్నరు? అన్ని వివరాలు మీకు చెప్పమంటరా, మీ కొడుక్కు చెప్పమంటరా?" కొందరు పెద్దవాళ్లు "వానికే చెప్పుండ్రి, నాకొద్దు" అంటారు. అది వాళ్ల నిర్ణయం, దాన్ని గౌరవించాలి. ఇంకొందరు "నాకు తెల్సు సార్" అంటారు. ఆ మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

తెలుగువాళ్ల మధ్య ఈ గుట్టును బాహాటంగా విప్పిన పెద్ద సందర్భం అక్కినేని నాగేశ్వరరావుది. 2013 అక్టోబరులో, సుమారు తొంభై ఏళ్ల వయసులో, ఆయనే విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ అని చెప్పారు. ఒప్పుకున్న 'మనం' సినిమా పని చేసుకుంటూ పోయారు. 2014 జనవరి 22న పోయారు, సినిమా మే నెలలో వచ్చింది. దీన్ని గొప్ప ధైర్యానికి ఉదాహరణగా చెప్పడం మామూలే. నాకు మాత్రం ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. చెప్పేయడం వల్ల ఆయనకు నటించాల్సిన పని సినిమాలో తప్ప బయట లేకపోయింది. డబ్బూ, పేరూ, చుట్టూ మనుషులూ ఉన్న పెద్దాయనతో రెక్కాడితే గాని డొక్కాడని మనిషిని పోల్చకూడదన్నది కూడా నిజమే. పిల్ల పెళ్లి కావాల్సిన తల్లికి రోగం పేరు బయటపడితే సంబంధాలు తప్పిపోతాయన్న భయం ఉంటుంది, ఆ భయం ఉత్తది కాదు. అంటుకుంటుందని గ్లాసు వేరు పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. క్యాన్సర్ అంటుకోదు. ఈ వాక్యాన్ని ప్రతి పల్లె దవాఖానా గోడ మీద రాయించాలి.

ఇక మనోధైర్యం ఉంటే రోగం తగ్గుతుందన్న నమ్మకం సంగతి. దీనికి శాస్త్రం పేరు తగిలించినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. 1989లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ స్పీగెల్ ఒక చిన్న అధ్యయనం ప్రచురించాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన 86 మంది ఆడవాళ్లలో కొందరు వారం వారం గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్లు మిగతావాళ్లకంటే సగటున ఏడాదిన్నర ఎక్కువ బతికినట్టు తేలింది. ప్రపంచమంతా సంబరపడింది. 2001లో కెనడాలో 235 మందితో అదే పని మళ్లీ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ బృందమే మళ్లీ చేసి చూస్తే మొత్తం మీద పెరగలేదు. అదే ఏడాది జేమ్స్ కోయిన్ బృందం తల, మెడ క్యాన్సర్ ఉన్న 1,093 మంది వివరాలు చూసి, చికిత్స మొదట్లో ఉల్లాసంగా ఉన్నవాళ్లకూ దిగులుగా ఉన్నవాళ్లకూ ఆయుష్షులో తేడా లేదని చెప్పింది.

ఇది నిరాశ కలిగించే ఫలితమని కొందరంటారు. నాకు ఇంతకంటే ఊరటనిచ్చే ఫలితం లేదు. ఏడ్చినందుకు గడ్డ పెరగదు. రాత్రి భయపడినందుకు కీమో పనిచేయడం మానేయదు. రోగం తిరగబెడితే "నేను గట్టిగా ఉండలేకపోయిన" అని ఎవరూ తలవంచుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో క్యాన్సర్ రోగుల మనసు వైద్యానికి పునాది వేసిన జిమ్మీ హాలండ్ కూడా, ఎప్పుడూ మంచే ఆలోచించాలన్న ఒత్తిడి రోగుల మీద దౌర్జన్యమేనని రాసింది. ఆ కెనడా అధ్యయనమే ఇంకో సంగతి కూడా చెప్పింది. కలిసి కూర్చుని మాట్లాడుకున్నవాళ్లకు దిగులు తగ్గింది, నొప్పి బాధ కూడా తగ్గింది, ముఖ్యంగా మొదట ఎక్కువ బాధలో ఉన్నవాళ్లకు. మాట్లాడుకోవడానికి ఆ కారణం చాలు.

రోగానికి రోగినే కారణం చేసే నమ్మకానికి మన ఊరి రూపం వేరుగా ఉంటుంది. "ఏ జన్మల ఏం పాపం జేసిన్నో" అని నొచ్చుకుంటారు. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లను గుట్కా తిన్నందుకు ఇంటివాళ్లే దెప్పుతారు. పొగాకు నష్టం చేస్తుందన్నది నిజం, మానేయడం చికిత్స మొదలయ్యాక కూడా మేలే. కానీ బీడీలు చుట్టి ఇంటిల్లిపాదినీ సాకిన ఆడమనిషిని ఆ పొగాకు పేరుతో నిందించడానికి మనకెవరికీ అధికారం లేదు. ఇక మొక్కులు. కొండగట్టు అంజన్నకో, వేములవాడ రాజన్నకో, దర్గాకో, చర్చిలో ప్రార్థనకో పోయి వచ్చినవాళ్లకు మనసు నిమ్మళిస్తే మంచిదే. ఆకుపసరు ఇస్తానని, దవాఖానా మందు ఆపమనే మనిషి దగ్గర మాత్రం ఆగొద్దు.

దిగులు ఎంతవరకు సహజం, ఎక్కడ జబ్బు? 2011లో లాన్సెట్ ఆంకాలజీలో అలెక్స్ మిచెల్ బృందం అప్పటిదాకా జరిగిన ఇంటర్వ్యూ అధ్యయనాలన్నీ కలిపి చూసింది. ఆరుగురు ఏడుగురు రోగుల్లో ఒకరికి పూర్తిస్థాయి డిప్రెషన్ ఉంది. ఆందోళన, సర్దుకోలేకపోవడం లాంటివి కలుపుకుంటే పది మందిలో ముగ్గురు నలుగురు. అంటే ఎక్కువమంది ఎత్తుపల్లాలు పడుతూ కూడా జబ్బు దాకా పోరు. పోయినవాళ్లను మాత్రం మనం గుర్తుపట్టం, "క్యాన్సర్ వస్తే దిగులుండదా?" అని సరిపెట్టుకుంటాం. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం కీమో వల్ల కూడా వస్తాయి కాబట్టి వాటితో తేలదు. ఇంతకుముందు ఇష్టమైనవేవీ ఇప్పుడు రుచించకపోవడం, మనవరాలు వచ్చినా మొహం తిప్పుకోవడం, అందరికీ బరువైపోయానని పదే పదే అనడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకు చెప్పాలి. మన దగ్గర ఎవరూ డిప్రెషన్ అని చెప్పరు. "మనాది పట్టింది", "పానం తక్లీఫైతంది", "మనసున పడ్తలేదు" అంటారు. ప్రశ్న కూడా ఆ మాటల్లోనే అడగాలి.

చచ్చిపోవాలనిపిస్తుందా అని అడగడానికి జంకుతాం, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అట్లా పుట్టదు. అడిగితే బరువు దిగుతుంది. అవునన్నవాళ్లను ఒంటరిగా వదలకుండా, హాని చేయగల వస్తువులు ఇంట్లో అందకుండా చూసి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులక్కర్లేదు.

డిప్రెషన్‌కు మందు పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది, పద్ధతిగా చేస్తే. 2014లో స్కాట్లాండ్‌లో 500 మంది క్యాన్సర్ రోగుల మీద మైకేల్ షార్ప్ బృందం చేసిన ప్రయత్నం దీనికి నిదర్శనం. శిక్షణ పొందిన నర్సులు వరుసగా కలిసి మాట్లాడుతూ, సైకియాట్రిస్టు సలహాతో మందులు సర్దుతూ పోతే, ఆరు నెలలకు 62 శాతం మందిలో లక్షణాలు సగానికి తగ్గాయి. మామూలు పద్ధతిలో 17 శాతమే. మన ఊళ్లకు ఇందులో నచ్చాల్సిన సంగతి, పనిలో ఎక్కువ భాగం నర్సులే చేయడం. సైకియాట్రిస్టు ప్రతి మండలానికీ రాలేడు, నర్సు ఇప్పటికే ఉంది. మందులు రెండు మూడు వారాలకు గాని పని మొదలుపెట్టవు, నాలుగు రోజులకే ఆపేస్తే లాభం లేదు. టామాక్సిఫెన్ వాడే రొమ్ము క్యాన్సర్ రోగులకు పారాక్సెటిన్ లాంటి కొన్ని మందులు పడవు, టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. మనసు డాక్టరుకు క్యాన్సర్ మందుల చీటీ చూపించడం తప్పనిసరి. ఒంటికి వీలైనంత నడక కూడా నీరసాన్నీ దిగులునూ తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. మన ఇళ్లలో రోగిని మంచం దిగనివ్వకపోవడమే ప్రేమ అనుకుంటాం, ఇక్కడ ప్రేమ కొంచెం తగ్గాలి.

పాలియేటివ్ వైద్యం పేరు చెప్పగానే "ఇక అయిపోయిందా?" అంటారు. ఈ అపోహ ఖరీదైనది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పి ఒంటిదే కాదని, మనసుది, మనుషులతో సంబంధాలది, దేవుడితో లెక్కలది కూడా కలిసి ఉంటుందని చెప్పింది. 2010లో బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిలో సగం మందికి మొదటి నుంచే పాలియేటివ్ వైద్యం కలిపి ఇచ్చింది. వాళ్లలో డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు 16 శాతం, మిగతావాళ్లలో 38 శాతం. పైగా రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. మనకు ఇది అందనిదేమీ కాదు. ఎంఎన్‌జేలో ఈ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. మార్ఫిన్ దొరకడానికున్న కాగితాల చిక్కులను 2014 చట్ట సవరణ చాలావరకు తగ్గించింది. హైదరాబాద్‌లో 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ ఉంది. ఆలన పేరుతో ప్రభుత్వం జిల్లాలకు పాలియేటివ్ కేంద్రాలు తెచ్చింది. మంచాన పడ్డవాళ్ల ఇంటికి బండిలో నర్సు వస్తుంది, పుండు కడుగుతుంది, నొప్పి మాత్ర ఇస్తుంది, కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఆ చివరి పనికి రిజిస్టరులో గడి లేకపోవచ్చు గానీ, ఇంటివాళ్లు ఎదురుచూసేది దానికే.

ఇంటివాళ్లనగానే సాకేవాళ్ల మాట వస్తుంది. ఎక్కువగా భార్యో, కోడలో, పెద్దబిడ్డో. వాళ్లను ఎవరూ "నువ్వెట్లున్నవ్?" అని అడగరు, రోగి ఎట్లున్నడని వాళ్లనే అడుగుతారు. వారంలో ఒక పూట ఇంకొకరు వచ్చి రోగి దగ్గర కూర్చుంటే ఆమె నిద్రపోతుంది. ఓదార్పు కోసం వచ్చే చుట్టాలు మాటలకు బదులు ఆ పూట ఇస్తే బాగుండును.

జిమ్మీ హాలండ్ బృందం తెచ్చిన పద్ధతుల్లో అతి తేలికది ఒకటుంది. జ్వరం చూసే థర్మామీటర్ బొమ్మ గీసి, పోయిన వారం బాధ ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటారు. నాలుగు గాని ఆపైన గాని చెప్తే ఆగి, కారణం ఏమిటో అడుగుతారు: డబ్బా, నొప్పా, నిద్రా, పిల్లలా, భయమా. అరనిమిషం పని, చదువు రానివాళ్లను కూడా నోటితోనే అడగొచ్చు. సుల్తానాబాద్ నుంచి హైదరాబాద్ పోయే రోగి చేతి ఫైల్లో బరువు, బీపీ, రక్తం లెక్కలు పేజీల కొద్దీ ఉంటాయి. ఈ అంకె ఉండదు. ఊరి ఆశా కార్యకర్త నెలకోసారి ఇంటికి వచ్చినప్పుడు దాన్ని అడిగి ఫైలు అట్ట లోపల తేదీ వేసి రాయొచ్చు. నాలుగు గాని ఆపైన గాని ఉంటే ఫోన్ చేయడానికి 14416 ఉంది, పిలవడానికి ఆలన బండి ఉంది, జిల్లా ఆసుపత్రి ఉంది. ఆ ప్రశ్న అడగడం ఎవరి డ్యూటీ అన్నది మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.